జ్వరపు చెట్టు: సంఘ చరిత్రలో సింకోనా బెరడు

ఉపోద్ఘాతం

మందు మొక్కల చరిత్రను సాధారణంగా వైద్యుల చరిత్రగానే చదువుతాం. అయితే మలేరియాకు వాడిన సింకోనా బెరడు కథ సంఘ చరిత్రలో కూడా ఒక అధ్యాయమే. ఆ బెరడును ఐరోపాకు చేర్చడంలో ముందున్నవారు సన్యాసులు. దానిని అనుమానించి దూరం పెట్టినవారు కూడా క్రైస్తవులే. ఆ మందును మొదట ఎరిగిన గ్రామీణుల పేర్లు మాత్రం చరిత్రలో నిలవలేదు. ఈ మూడు సంగతులను పరిశీలించి, గ్రామాలలో పరిచర్య చేసేవారికి వాటిలో ఉన్న పాఠాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. రోగం తెచ్చినవారు, మందు ఇచ్చినవారు

మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే పరాన్నజీవి. ఆడ అనాఫిలిస్ దోమ దానిని ఒకరి నుండి మరొకరికి చేరుస్తుంది. ఈ రోగం అమెరికా ఖండాలకు ఐరోపా వలసదారులతోను, ఆఫ్రికా బానిసలను తెచ్చిన ఓడలతోను చేరిందని పరిశోధకులలో అధికులు అంగీకరిస్తున్నారు. ఆ ఓడలు చేరిన ఖండంలోనే, ఆండీస్ పర్వతాల అడవులలో, దాని మందు పెరుగుతూ ఉంది. నేటి ఈక్వడార్‌లోని లోహా ప్రాంతపు “జ్వరపు చెట్టు” బెరడు పొడి జ్వరాలను కుదురుస్తుందని అంటోనియో దె లా కలాంచా అనే అగస్టీనియన్ సన్యాసి 1630లలో వ్రాశాడు. అంటే రోగం జయించినవారి వెంట వచ్చింది. మందు జయించబడినవారి కొండల నుండి వచ్చింది.

పెరూ వైస్రాయి భార్య, చించోన్ ప్రభ్వి, ఈ బెరడుతో స్వస్థత పొందిందనే కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. 1742లో లిన్నేయస్ ఆ చెట్టుకు ఆమె పేరే పెట్టాడు. 20వ శతాబ్దపు పరిశోధనలో ఆ కథకు ఆధారం లేదని తేలింది. ప్రభ్వి పేరు మిగిలింది. చెట్టును ఎరిగిన కొండజనుల పేర్లు మిగలలేదు.

2. మందుకు అంటిన మతం పేరు

రోములో కార్డినల్ హువాన్ దె లూగో ఈ మందును పేదలకు పంచిపెట్టించాడు. 1649 ప్రాంతంలో దాని మోతాదును తెలిపే పత్రం అక్కడే అచ్చయింది. దానితో దీనికి “జెస్యూట్ల పొడి” అనే పేరు స్థిరపడింది. ఆ పేరే ప్రొటెస్టెంటు ఇంగ్లాండులో అడ్డమైంది. రాబర్ట్ టాల్బర్ అనే వైద్యుడు 1672లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పొడి విషయమై జాగ్రత్తపడమని హెచ్చరించాడు. తరువాత ఒక రహస్య ఔషధంతో రాజులకు చికిత్స చేసి గొప్ప పేరు పొందాడు. 1681లో అతడు మరణించాక ఫ్రాన్సు రాజు ఆ రహస్యాన్ని ప్రకటింపజేస్తే, అందులో ఉన్నది సింకోనా బెరడే.

అనుమానమంతా మతద్వేషమే అనడం న్యాయం కాదు. సింకోనాలో ఇరవైకి పైగా జాతులున్నాయి. కొన్నింటి బెరడులో మందు సారం మెండు, కొన్నింటిలో అతి స్వల్పం. వర్తకులు వేరే చెట్ల బెరడు కూడా కలిపి అమ్మేవారు. ఒక రోగికి నయమై మరొకరికి నయం కాకపోవడానికి ఇదీ కారణమే. 1820లో పెల్టియే, కావెంటూ క్వినైన్‌ను వేరుచేసిన తరువాతనే బెరడు బలాన్ని కొలిచే మార్గం ఏర్పడింది.

3. గింజల వెల

1860లో క్లెమెంట్స్ మార్కమ్ నాయకత్వంలో సింకోనా మొక్కలు, గింజలు ఆండీస్ నుండి నీలగిరులకు తరలివచ్చాయి. వాటిలో బాగా పెరిగిన రకంలో క్వినైన్ తక్కువ. 1865లో బొలీవియాకు చెందిన ఐమారా జాతివాడు మాన్యుయెల్ ఇంక్రా మమాని, తన యజమాని చార్లెస్ లెడ్జర్ కొరకు శ్రేష్ఠమైన చెట్ల గింజలు సేకరించాడు. బ్రిటిష్ ప్రభుత్వం వాటిని కొనలేదు. డచ్చి ప్రభుత్వం ఒక పౌను కొన్నది. ఆ కొద్ది గింజలతో జావా ద్వీపం క్రమంగా ప్రపంచ క్వినైన్ వ్యాపారాన్ని దాదాపు తన గుప్పిట పెట్టుకుంది. ఆ చెట్లకు లెడ్జర్ పేరు వచ్చింది. మమాని మాత్రం 1871లో చెరలో దెబ్బలు తిని, ఆ గాయాలతోనే మరణించాడు.

4. తెలుగు నేల

మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొన్నాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ఒక అణా ముట్టింది. మన ఏజెన్సీ ప్రాంతాలకు “మన్యపు జ్వరం” తరతరాల శాపం. మైదానాల ఉద్యోగులు మన్యం పేరు వింటేనే జంకేవారు. అక్కడి గిరిజనులు ఆ జ్వరం మధ్యనే పుట్టి పెరిగారు. నేలవేము వంటి చేదు మూలికలు వారి ఇంటి వైద్యం.

ముగింపు

క్వినైన్ తరువాత వచ్చిన క్లోరోక్విన్‌కు పరాన్నజీవి 1950ల చివరికే లొంగకపోసాగింది. అప్పుడు మార్గం చూపినది మరల ఒక మొక్కే. 4వ శతాబ్దపు గె హొంగ్ వైద్యగ్రంథంలోని సూచనను పట్టుకొని చైనా శాస్త్రవేత్త తు యుయు 1970ల ఆరంభంలో ఆర్టెమిసినిన్‌ను వెలికితీసింది. 2015లో నోబెల్ బహుమతి పొందింది. అడవిలో ఒక జాతి నశిస్తే ఏ మందు నశించిందో కూడా మనకు తెలియకుండా పోతుంది.

అయితే మొక్క వేరు, పరీక్షించిన మందు వేరు. ఆర్టెమిసియా ఆకు కషాయాన్ని మలేరియాకు వాడడాన్ని సమర్థించబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది. కాబట్టి కాపరి గ్రామ వైద్యాన్ని హేళన చేయరాదు. దానితోనే సరిపెట్టుకొమ్మని చెప్పనూరాదు. చలిజ్వరం వచ్చిన విశ్వాసి కొరకు ప్రార్థించి, అదే రోజు రక్తపరీక్షకు పంపాలి. జ్వరం తగ్గినా మాత్రలు పూర్తిగా వాడేలా చూడాలి. వైవాక్స్ రకం పరాన్నజీవి కాలేయంలో దాగియుండి మరల లేస్తుంది.

నయమానుకు స్వస్థత దారి చూపినది చెరపట్టబడిన ఒక ఇశ్రాయేలు చిన్నది. గ్రంథంలో ఆమె పేరు లేదు, మాట మాత్రం ఉంది. సింకోనా చరిత్రను బోధించేటప్పుడు లోహా కొండజనులను, మమానిని కూడా తలచుకోవడం సంఘ చరిత్రకారుల బాధ్యత.