వ్యక్తిగత సంరక్షణ సహాయకులు

వృద్ధులకు, దివ్యాంగులకు, మంచం పట్టినవారికి స్నానం, భోజనం, దుస్తులు, మలమూత్ర విసర్జన వంటి నిత్యకృత్యాల్లో ఇంటివద్దే తోడ్పడేవారు. వాడుకలో ఆయా, కేర్‌టేకర్. నంద్యాల జిల్లా ప్యాపిలి వంటి ఊళ్లలో ఈ చాకిరీ ఎక్కువగా కోడళ్లు, కూతుళ్ల మీదే పడుతుంది. దానికి జీతం లేదు, పేరూ లేదు. పిల్లలు బతుకుతెరువుకు దూరం వెళ్లిన ఇళ్లలో మనిషిని కుదుర్చుకోవాల్సి వస్తుంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో నెల పింఛను రూ.15,000 చేసింది.

ఈ పనికి ఓర్పు కావాలని అందరూ అంటారు. దానికంటే అరుదైనది గమనించే కన్ను. వీపు కింది భాగంలో, మడమల మీద ఎంతకీ తగ్గని ఎరుపు కనిపిస్తే అది పుండుకు తొలి గుర్తు. అందుకే సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ముద్ద మింగుతూ పొలమారితే తినిపించడం ఆపాలి; పడుకోబెట్టి తినిపించకూడదు. ఒళ్లు తుడిచేటప్పుడు తలుపు వేసి, మిగతా ఒంటిపై దుప్పటి కప్పడం మర్యాద. దేహబలం, శుభ్రత, ఇంటి గుట్టు దాచే గుణం ఉండాలి. ఇంజెక్షన్ ఇవ్వడం, మందు మోతాదు మార్చడం వీరి పని కాదు. ఈ వృత్తికి హోమ్ హెల్త్ ఎయిడ్ పేరిట నైపుణ్య శిక్షణ ఉంది.