జట్టు పూల్ పోటీల్లో నియమం, క్రీడానీతి: అమెరికన్ ఔత్సాహిక లీగుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పందెపు ఆటగా పేరుపడిన పూల్, 20వ శతాబ్దం చివరి పాదంలో అమెరికాలో ఔత్సాహికుల జట్టు క్రీడగా రూపాంతరం చెందింది. బలాబలాల్లో తేడా ఉన్న ఆటగాళ్లను ఒకే బల్ల దగ్గరకు చేర్చడానికి లీగులు హ్యాండీకాప్ పద్ధతిని ఆశ్రయించాయి. ఆ పద్ధతి ఆటలో సమానతను తెచ్చింది. దానితోపాటే తన బలాన్ని దాచుకునే మోసానికీ తావిచ్చింది. ఈ పరిణామక్రమాన్ని పరిశీలించి, నియమానికీ క్రీడానీతికీ ఉన్న సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పూల్, ఎయిట్ బాల్, హ్యాండీకాప్, క్రీడానీతి, ఔత్సాహిక లీగులు, శాండ్‌బ్యాగింగ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు పిల్లల ఆటల్లో తరచు వినిపించే మాటలు రెండున్నాయి. ఒకటి 'తొండి', రెండోది 'ఆటలో అరటిపండు'. గెలుపు కోసం నియమం తప్పడం తొండి. పెద్దపిల్లలతో సమానంగా ఆడలేని పసివాణ్ని నొప్పించకుండా ఆటలోకి చేర్చుకుని, అతని గెలుపోటములను మాత్రం లెక్కలోకి తీసుకోకపోతే అతడు ఆటలో అరటిపండు. మొదటి మాట న్యాయానికి సంబంధించింది. రెండోది అసమానతకు సంబంధించింది. ఏ ఆటకైనా ఈ రెండు సమస్యలూ తప్పవు.

అమెరికాలోని ఔత్సాహిక పూల్ లీగులు రెండో సమస్యకు భిన్నమైన పరిష్కారాన్ని వెదికాయి. బలహీనుణ్ని లెక్కలోంచి తప్పించడానికి బదులు లెక్కనే మార్చాయి. అతని గెలుపు జట్టుకు పూర్తిగా చెల్లుతుంది. అయితే గెలవడానికి అతడు చేరుకోవలసిన సంఖ్య తగ్గుతుంది. ఈ ఉదారమైన ఏర్పాటు నుంచే కొత్తరకం తొండి పుట్టింది. అది గెలవడం కోసం ఓడిపోవడం. దాని మూలాలు ఈ లీగుల కంటె పాతవి.

2. పందెం నుంచి పుట్టిన పేరు

పూల్ అన్న పేరులోనే పందెం ఉంది. పందెగాళ్లు తలా కొంత వేసి పోగుచేసిన ఉమ్మడి సొమ్మును ఆంగ్లంలో పూల్ అంటారు. 19వ శతాబ్దపు అమెరికాలో 'పూల్ రూం' అంటే గుర్రప్పందేలు కాసే చోటు. ఒక పందేనికీ మరో పందేనికీ నడుమ కాలక్షేపానికి అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేశారు. క్రమంగా ఆ చోటి పేరు ఆటకు అంటుకుంది, పేరుతోపాటు అపకీర్తీ అంటుకుంది.

ఆటకు గౌరవం తేవడానికి ప్రయత్నించినవారిలో మైకేల్ ఫెలన్ ముఖ్యుడు. ఐర్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫెలన్ 1850లో బిలియర్డ్స్ గురించి పుస్తకం ప్రచురించాడు. అయితే ఆయనకు దేశవ్యాప్త కీర్తి తెచ్చింది మాత్రం పుస్తకం కాదు. 1859లో డెట్రాయిట్‌లో జాన్ సీరైటర్ మీద గెలిచిన పోటీ ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. ఆ పోటీ మీద ఉన్న పందెం 15,000 డాలర్లు. ఆటను సంస్కరించదలచినవాడు కూడా పందెం నీడ నుంచి బయటపడలేదన్నమాట.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ వలసపాలన నాటి భారతదేశంలో కనిపిస్తుంది. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ చాంబర్లేన్ స్నూకర్ ఆటకు రూపమిచ్చాడు. నాడు ఆంధ్ర జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు రాజధానికి వేసవి పాలనాకేంద్రం ఉదకమండలం. అక్కడి క్లబ్బులో 1882 నాటికి ఆ ఆట నియమాలు రాతరూపం పొంది గోడకెక్కాయి. ఆ నియమాలకు వెన్నుదన్నుగా నిలిచింది క్లబ్బు సభ్యత్వం. అక్కడ తొండి ఆడినవాడు ఆటతోపాటు సంఘంలో తన స్థానాన్నీ పోగొట్టుకుంటాడు. అమెరికన్ పూల్ రూముకు అటువంటి కట్టుబాటు లేదు. నేడు వచ్చి ఆడినవాడు రేపు మరో ఊళ్లో ఉంటాడు. ఈ తేడా తరువాతి చరిత్రను చాలావరకు నిర్ణయించింది.

3. హస్లర్: బలాన్ని దాచే విద్య

తన నైపుణ్యాన్ని తక్కువ చేసి చూపి, ఎదుటివాణ్ని పెద్ద పందేనికి ఒప్పించి, చివరికి అసలు ఆట బయటపెట్టేవాణ్ని హస్లర్ అన్నారు. వాల్టర్ టెవిస్ 1959లో రాసిన నవల, దాని ఆధారంగా 1961లో పాల్ న్యూమన్ కథానాయకుడిగా వచ్చిన 'ది హస్లర్' చలనచిత్రం ఈ పాత్రను లోకానికి పరిచయం చేశాయి. సామాజిక శాస్త్రవేత్త నెడ్ పోల్‌స్కీ 1967లో వెలువరించిన 'హస్లర్స్, బీట్స్ అండ్ అదర్స్' గ్రంథంలో వీరి వృత్తిధర్మాలను శాస్త్రీయంగా పరిశీలించాడు. తన అసలు స్థాయిని ఎదుటివాడు పసిగట్టకుండా చూసుకోవడం ఆ వృత్తికి ప్రాణం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. హస్లర్ సాధారణంగా ఆట నియమాన్ని ఉల్లంఘించడు. బంతిని చేత్తో జరపడు, లెక్క తప్పు చెప్పడు. అతని ప్రతి దెబ్బా నియమబద్ధమే. మోసమంతా ఉద్దేశంలో ఉంటుంది. క్రీడానీతిని కేవలం నియమపాలనగా నిర్వచించేవారికి హస్లర్ అడ్డుప్రశ్న వంటివాడు.

4. బారు బల్లలు, లీగుల ఆవిర్భావం

నేడు ఔత్సాహికులు ఎక్కువగా ఆడే ఎయిట్ బాల్ 20వ శతాబ్దం తొలినాళ్లలో రూపుదిద్దుకుంది. క్యారమ్స్ ఆడినవారికి దాని స్వరూపం సులభంగా అర్థమవుతుంది. ఒకరివి నిండురంగు బంతులు ఏడు, మరొకరివి చారల బంతులు ఏడు. తన ఏడింటినీ పాకెట్లలో వేసిన తరువాత నల్లని 8వ బంతిని న్యాయంగా వేసినవారు విజేత. 1925 నాటికే బ్రన్స్‌విక్ బాల్క్ కొలెండర్ సంస్థ ఈ ఆట కోసం ప్రత్యేకంగా ఏడు ఎర్రబంతులు, ఏడు పసుపుబంతులు, ఒక నల్లబంతి ఉన్న సెట్లను అమ్మింది. 1948లో ఏర్పడిన బిలియర్డ్ కాంగ్రెస్ ఆఫ్ అమెరికా నియమాలను క్రోడీకరించి ప్రచురిస్తూ వచ్చింది.

పుస్తకంలో నియమం ఒకటైనా బారులో నియమం వేరుగా ఉండేది. నాణెం వేస్తే బంతులు వదిలే ఏడడుగుల బల్లలు మద్యశాలల్లోకి రావడంతో ఆట పూల్ రూము దాటి పేటపేటకూ చేరింది. బల్ల అంచున నాణెం పెట్టినవాడు తన వంతు కోసం వేచి ఉంటాడు. గెలిచినవాడు బల్ల వదలడు. ఏ పాకెట్‌లో వేస్తాడో ముందుగా చెప్పాలా, తెల్లబంతి పాకెట్‌లో పడితే శిక్ష ఏమిటి వంటి ప్రశ్నలకు ఒక్కో బారు ఒక్కో సమాధానం చెప్పేది. ఊరు మారితే నియమం మారే ఆటకు జట్టు పోటీలు పెట్టడం కష్టం.

ఈ నేపథ్యంలో 1979లో టెరీ బెల్, లారీ హబార్ట్ అనే వృత్తి ఆటగాళ్లు నేషనల్ పూల్ లీగ్‌ను ప్రారంభించారు. అనంతరకాలంలో అదే అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్‌గా ప్రసిద్ధి చెందింది. బౌలింగ్ ఆటకు వారపు లీగులు ఉన్నట్లే పూల్‌కూ ఉండాలన్నది వారి ఆలోచన. వారానికొక రాత్రి, సొంత బారు పేరుతో ఒక జట్టు, ఊరంతటికీ ఒకే నియమావళి. పందెపు ఆటను స్నేహితుల ఆటగా మార్చే ప్రయత్నమిది.

5. న్యాయనిర్ణేత లేని బల్ల

లీగు ఆటలో సాధారణంగా న్యాయనిర్ణేత ఉండడు. ఆ బాధ్యతను నియమావళి ఆటగాళ్లకే పంచింది. రెండు జట్లూ వేర్వేరుగా లెక్కల పత్రం రాస్తాయి. ఆట నడుస్తుండగానే రెండింటినీ సరిచూసుకుంటాయి. 8వ బంతిని ఏ పాకెట్‌లో వేయదలచారో అక్కడ అందరికీ కనిపించేటట్లు ఏదైనా గుర్తు ఉంచాలి. తెల్లబంతి ముందుగా ఏ బంతిని తాకుతుందో చెప్పడం కష్టమనిపిస్తే, దెబ్బ కొట్టకముందే మూడో వ్యక్తిని పిలిచి చూడమనాలి. అలా పిలవకుండా తరువాత వివాదం రేగితే, సందేహఫలం కొట్టినవారికే దక్కుతుంది. దీనివల్ల కలహం వచ్చాక తీర్పు వెదికే అవసరం తగ్గుతుంది. అభ్యంతరం ఉన్నవారు ముందే నోరు విప్పాలన్న మర్యాద ఇందులో ఉంది.

ప్రపంచ ప్రామాణిక నియమాల్లో న్యాయనిర్ణేత సమక్షంలో ఏ బంతిని ఒంటితోగాని, దుస్తులతోగాని తాకినా తప్పిదమే. లీగు ఆటలో సాధారణంగా తెల్లబంతికి సంబంధించిన తప్పిదాలకే శిక్ష ఉంటుంది. చొక్కా చెయ్యి తగిలి మరో బంతి జరిగితే దాన్ని తిరిగి యథాస్థానంలో ఉంచుతారు. అనుభవం లేనివారిని శిక్షల భయం నుంచి కాపాడే సడలింపు ఇది. అదే దృష్టితో తక్కువ స్థాయి ఆటగాళ్లకు ఒక్కో ఆటలో రెండుసార్లు, తక్కినవారికి ఒకసారి ఆట ఆపి జట్టు సలహా తీసుకునే వీలు కల్పించారు. ఇక్కడ సలహా దొంగతనం కాదు, హక్కు. అనుమతించిన సంఖ్య దాటితేనే అది తప్పు.

6. హ్యాండీకాప్: సమానతకు లెక్క

హ్యాండీకాప్ అనే మాట చరిత్ర కూడా న్యాయంతో ముడిపడినదే. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులను మార్చుకోదలిస్తే, మధ్యవర్తి వాటి విలువల తేడాను నిర్ణయించేవాడు. ఆటగాళ్లు టోపీలో చెయ్యి పెట్టి తమ సమ్మతినిగాని అసమ్మతినిగాని తెలిపేవారు. 'టోపీలో చెయ్యి' అన్న ఆంగ్ల పదబంధం నుంచి ఈ మాట ఏర్పడింది. గుర్రప్పందేల్లో బలమైన గుర్రానికి అదనపు బరువు మోపే పద్ధతికి ఇదే పేరు వచ్చింది.

అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ ఎయిట్ బాల్‌లో ఆటగాళ్లను 2 నుంచి 7 వరకు స్థాయిలుగా విభజించింది. 7వ స్థాయివాడు 2వ స్థాయివానితో ఆడితే మొదటివాడు ఏడు ఆటలు, రెండోవాడు రెండు ఆటలు గెలవాలి. జట్టులో ఎనిమిదిమంది వరకు ఉండవచ్చు. ఒక రాత్రి ఐదుగురు ఆడతారు. ఆ ఐదుగురి స్థాయిల మొత్తం 23 దాటకూడదు. 7, 6, 4, 3, 3 స్థాయిల జట్టు సరిగ్గా 23కు చేరుతుంది. ఐదుగురు మేటి ఆటగాళ్లు కలిస్తే మొత్తం 35. ఆ జట్టుకు అనుమతి లేదు. కనుక కొత్తవాడు జట్టుకు భారం కాదు, అవసరం. 'అరటిపండు'కు లెక్కలో చోటు దొరికింది.

ఈ నియమానికి మరో ముఖం కూడా ఉంది. కలిసి నేర్చుకుని, కలిసి ఎదిగిన మిత్రబృందం ఒకనాటికి 23 దాటక తప్పదు. అప్పుడు జట్టు చీలాలి. ఎదుగుదలకు ప్రతిఫలంగా వియోగం ఎదురయ్యే ఈ స్థితిలోనే ప్రలోభం తలెత్తుతుంది.

7. తిరిగివచ్చిన హస్లర్

ఆటగాడి స్థాయిని నిర్ణయించడానికి గెలుపోటములతోపాటు ఎన్ని వంతుల్లో ఆట ముగిసిందో కూడా లెక్కిస్తారు. తక్కువ వంతుల్లో గెలిచినవాడు బలవంతుడు. అందుచేత కావాలని బంతులు తప్పిస్తూ వంతులు పెంచినవాడు బలహీనుడిగా కనిపిస్తాడు. దీన్ని అరికట్టడానికి, బంతిని వేసే ఉద్దేశం లేకుండా కొట్టిన ప్రతి దెబ్బనూ రక్షణదెబ్బగా పత్రంలో నమోదు చేసి, స్థాయిని లెక్కించేటప్పుడు పరిగణనలోకి తీసుకుంటారు. ఆ గీత గీయాలంటే లెక్క రాసేవాడు ఎదుటివాని మనసును చదవాలి. చేయి తడబడిందా, తడబడనిచ్చారా అన్నది కాగితం చెప్పలేదు.

స్థాయి పెరగకుండా కావాలని తక్కువగా ఆడటాన్ని పేకాట పరిభాష నుంచి తీసుకున్న మాటతో శాండ్‌బ్యాగింగ్ అంటారు. హస్లర్ పందెం పెంచడానికి బలాన్ని దాచాడు. ఇతడు తన సంఖ్య తగ్గించడానికి దాచుతున్నాడు. పందెపు సంస్కృతి నుంచి ఆటను విడిపించడానికి పుట్టిన లీగులోకి, సమానత్వం కోసం తెరిచిన తలుపులోంచే హస్లర్ తిరిగి ప్రవేశించాడు. ఒక్క తేడా ఉంది. హస్లర్ ఒంటరి. లీగు ఆటగాడు జట్టు కోసం, మిత్రుల కోసం ఓడిపోతున్నానని తనకు తాను చెప్పుకోగలడు. ఆ సమర్థన వల్ల ఈ తప్పు స్వార్థంగా కాక త్యాగంగా కనిపిస్తుంది. అతని ప్రత్యర్థులకు జరిగే అన్యాయం మాత్రం మారదు. నిజమైన 3వ స్థాయివాడు, 3 ముసుగు వేసుకున్న 5వ స్థాయివాని చేతిలో ఓడి, తన ఆటలోనే లోపముందని నమ్మి ఇంటికి వెళ్తాడు.

ఈ మోసాన్ని ఎదుర్కోవడానికి లీగులు సలహాసంఘాలను నియమించాయి. పెద్ద పోటీల్లో అనుమానాస్పద ఆటగాళ్ల స్థాయిని అక్కడికక్కడే పెంచడం, జట్లను అనర్హులుగా ప్రకటించడం వంటి చర్యలు చేపట్టాయి. 2010ల దశకంలో వ్యాప్తిలోకి వచ్చిన ఫార్గో రేట్ విధానం వంతుల లెక్కను వదిలి, ఎవరిపై ఎన్ని ఆటలు గెలిచారన్న సమాచారంతో ప్రతి ఆటగాడికీ అంకె కడుతుంది. అందులో 100 అంకెల తేడా ఉన్న ఇద్దరి మధ్య గెలుపు నిష్పత్తి రెండుకు ఒకటిగా ఉంటుందని అంచనా. ఉద్దేశాన్ని ఊహించే భారం లెక్కరాతగాడిపై దీనివల్ల తగ్గింది. అయినా నమోదయ్యే ఆటలో నిజాయితీ లేకపోతే ఏ గణితమూ దాన్ని పుట్టించలేదు.

8. ముగింపు

అమెరికన్ ఔత్సాహిక పూల్ చరిత్రలో నియమాలు రెండు రకాల పనులు చేశాయి. బల్ల మీద కనిపించే తప్పిదాలను అవి చాలావరకు పరిష్కరించాయి. కనిపించని ఉద్దేశం దగ్గర మాత్రం ప్రతి కొత్త నియమమూ కొత్త దారి వెదికే తెలివికి ఎదురునిలవవలసి వచ్చింది. అంతమాత్రాన హ్యాండీకాప్ విఫలమైందనడం సమంజసం కాదు. అది లేకపోతే కొత్తవాడు బల్ల దగ్గరకే రాడు. అతణ్ని రప్పించడం నియమం వంతు. వచ్చినవానితో తన పూర్తి బలంతో ఆడి, ఓడితే నిజంగా ఓడటం, గెలిస్తే నిజంగా గెలవడం ఆటగాడి వంతు. తొండికి మన భాష ఇచ్చిన అర్థం గెలుపు కోసం నియమం తప్పడం వరకే పరిమితం. నియమం తప్పకుండా, ఓటమి ద్వారా ఆడే తొండిని కూడా ఆ అర్థంలో చేర్చుకోవలసిన అవసరాన్ని ఈ లీగుల అనుభవం సూచిస్తున్నది.