ఆర్గానిక్ ట్రాన్సిస్టర్: ఒక్క అంకెతో తేలని సామర్థ్యం

ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ అంటే సిలికాన్ బదులు కార్బన్ సమ్మేళనంతో తయారయ్యే విద్యుత్ స్విచ్. తక్కువ వేడిలో, వంగే ప్లాస్టిక్ రేకు మీద, సిరాలా ముద్రించడానికి వీలుండటం దీని ఆకర్షణ. వేగంలో మాత్రం సిలికాన్ స్ఫటికానికి చాలా దూరం.

నేపథ్యం

పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌కు అయోడిన్ వంటివి చేరిస్తే విద్యుత్ బాగా ప్రవహిస్తుందని 1977లో హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా వెల్లడించారు. దీనికే 2000లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. 1986లో జపాన్ పరిశోధకులు పాలీథయోఫీన్‌తో ట్రాన్సిస్టర్ తయారుచేశారు.

పనిచేసే తీరు

సోర్స్, డ్రెయిన్ అనే రెండు లోహపు కొసల మధ్య పలుచని అర్ధవాహక పొర ఉంటుంది. దానికి ఒక పక్క బంధక పొర, దాని వెనక గేటు. గేటుకు వోల్టేజి ఇస్తే అర్ధవాహకం అంచున ఆవేశాలు పోగై దారి ఏర్పడుతుంది. ఈ దారి మందం కొద్ది అణువుల వరుసలే. కాబట్టి రెండు పొరలు కలిసే చోట ఏ చిన్న మలినమున్నా ఆవేశాలు చిక్కుకుపోతాయి.

ఆవేశాల ప్రయాణం

సిలికాన్‌లో పరమాణువుల మధ్య బంధాలు గట్టివి. ఆవేశం స్ఫటికమంతటా అలలా సాగుతుంది. ఆర్గానిక్ పదార్థంలో అణువులను పట్టి ఉంచేవి బలహీన బలాలు. అందుకే ఆవేశం సాధారణంగా ఒక అణువు నుంచి పక్క అణువుకు గెంతుతూ పోతుంది. వేడి పెరిగితే ఈ గెంతు సులువవుతుంది. రుబ్రీన్ వంటి శుద్ధమైన స్ఫటికాల్లో మాత్రం వేడి పెరిగితే అణువుల కదలిక ఆవేశానికి అడ్డు తగులుతుంది.

ఈ ప్రయాణ సౌలభ్యానికి కొలమానం మొబిలిటీ. చదరపు సెంటీమీటర్/వోల్ట్-సెకను లెక్కన, గది ఉష్ణోగ్రత వద్ద సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లకు ఇది సుమారు 1,400. అమార్ఫస్ సిలికాన్‌లో 1 దరిదాపుల్లో ఉంటుంది. పెంటసీన్ పొరల్లోనూ సుమారు అంతే. రుబ్రీన్ స్ఫటికాల్లో 10 దాటింది.

తయారీ

పెంటసీన్ వంటి చిన్న అణువులను శూన్యంలో ఆవిరి చేసి పొరగా పేరుస్తారు. పాలిమర్లను ద్రావణంలో కరిగించి పూస్తారు, లేదా ముద్రిస్తారు. ద్రావకం ఆరే తీరును బట్టి స్ఫటికాల పరిమాణం మారుతుంది. స్ఫటికానికీ స్ఫటికానికీ మధ్య ఉండే హద్దులే ఆవేశానికి పెద్ద అవరోధం. 2011లో జపాన్ బృందం ఇంక్‌జెట్ పద్ధతిలో ఏకస్ఫటిక పొరలు ముద్రించి, సగటున 16.4 మొబిలిటీ చూపింది. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లోని జాతీయ ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఇటువంటి ముద్రిత పరికరాలపై పనిచేస్తోంది.

అంకెలను ఎంతవరకు నమ్మాలి?

ఈ రంగం ఒకసారి గట్టి దెబ్బ తింది. బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ ప్రకటించిన ఫలితాలపై 24 ఆరోపణలు రాగా, 16 అంశాల్లో దుష్ప్రవర్తన రుజువైందని విచారణ సంఘం 2002లో తేల్చింది.

మోసం లేకున్నా పొరపాటుకు ఆస్కారముంది. సాధారణంగా ట్రాన్సిస్టర్‌లో మొబిలిటీని నేరుగా కొలవరు. గేటు వోల్టేజితోపాటు కరెంటు పెరిగే వాలు నుంచి లెక్కగడతారు. లోహపు కొసల దగ్గరి నిరోధం ఒక వోల్టేజి పరిధిలో ఒక్కసారిగా తగ్గితే అక్కడ వాలు నిటారుగా లేస్తుంది. ఆ ముక్కనే తీసుకుని లెక్కిస్తే మొబిలిటీ అసలుకు పది రెట్లు కూడా కనిపించవచ్చని 2016లో అమెరికా పరిశోధకులు చూపారు. అందుకే కొత్త రికార్డు వచ్చినప్పుడు మూడు విషయాలు చూడాలి: ఏ వోల్టేజి పరిధిలో లెక్కించారు, ఎన్ని పరికరాల సగటు, గాలి, తేమ తగిలాక ఎన్నాళ్లు నిలిచింది.

నేటి స్థానం

ఓఎల్‌ఈడీ ఫోన్లలో వెలుగునిచ్చేది ఆర్గానిక్ పొరే. కానీ వెనక స్విచ్‌లుగా ఉన్నవి సాధారణంగా పాలీసిలికాన్ లేదా లోహ ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లు. నిలకడగా కరెంటు ఇవ్వడంలో, ఒకే రకంగా లక్షలాదిగా తయారవడంలో అవి ముందున్నాయి. చర్మానికి అంటుకునే సెన్సర్లు, వంగే తెరల వంటి చోట్ల ఆర్గానిక్ ట్రాన్సిస్టర్‌కు అవకాశముంది. అక్కడా దాన్ని నిలబెట్టేవి రికార్డు మొబిలిటీ కంటే మన్నిక, ఏకరూపతలే.