ఘాజీ మునిగిన రాత్రికి సాక్షి విశాఖే

ఘాజీని ముంచింది కురుసుర కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతా తగువు నెమ్మదిగా తేల్చుకోవచ్చు. సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర కాసేపు నిలబడి వినండి. పక్క జిల్లాల నుంచి చుట్టాలొస్తే మనవాళ్లే ఆటో దిగుతూ, "పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని ముంచేసింది ఇదే" అని వేలు పెట్టి చూపిస్తుంటారు. 1971 యుద్ధంలో కురుసుర తిరిగింది అరేబియా సముద్రంలో. ఘాజీ పడివున్నది మన డాల్ఫిన్ నోస్ ఎదుట, బంగాళాఖాతంలో. 1969 డిసెంబర్ 18న సోవియట్ రేవు రీగాలో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న రిటైరై, మరుసటి ఏడాది ఆగస్టులో మన ఇసుక మీద మ్యూజియంగా తలుపులు తెరిచిన ఓడకి తన ఘనత తనకుంది. ఎరువు తెచ్చిన ఘనత దానికి అక్కర్లేదు. లోపల గైడ్లుగా ఉండే ఎక్స్ నేవీ వాళ్లని అడగండి, వాళ్లూ ఇదే చెబుతారు. పుకారంతా బయటే.

సినిమా వచ్చాక ఈ గందరగోళం ముదిరింది. 2017లో వచ్చిన 'ఘాజీ' చూసి బయటికొచ్చినవాళ్లు మన జలాంతర్గామీ వాళ్ల జలాంతర్గామీ నీళ్లడుగున కొట్టుకున్నాయనే నమ్మారు. సినిమాగా బాగుంది, కాదనను. కానీ ఆ రాత్రి విశాఖ ముంగిట మన జలాంతర్గామి ఏదీ లేదు. ఉన్నది ఒక ముసలి డిస్ట్రాయర్. పేరు ఐఎన్ఎస్ రాజ్‌పుత్. అంతకుముందు బ్రిటిష్ నౌకాదళంలో రోథర్‌హామ్‌గా రెండో ప్రపంచ యుద్ధం చూసి, 1949లో మనకొచ్చిన ఓడ అది. 1971 నాటికి ఇంజన్లు మొరాయిస్తున్నాయి, సేవ చాలించే రోజులు దగ్గరపడ్డాయి. 2021 మేలో మన డాక్‌యార్డ్‌లోనే వీడ్కోలు తీసుకున్న రాజ్‌పుత్ వేరు. అది 1980లో సోవియట్ దేశం నుంచి వచ్చిన రెండోది. పేరొక్కటే కావడంతో చాలామంది, పత్రికల వాళ్లతో సహా, రెండింటినీ కలిపేస్తారు. ఆ ముసలి ఓడకి మనూళ్లో మ్యూజియం లేదు. దాన్ని ఎప్పుడో ఇనుము కింద అమ్మేశారు.

ఈ తగువు ఇప్పుడెందుకంటే, నేవీ డే మన చేతుల్లోంచి జారిపోతోంది గనుక. 2022 డిసెంబర్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మన బీచ్‌లో కూర్చుని విన్యాసాలు చూశారు. మరుసటి ఏడాది ఆ వేడుక మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌కి, 2024లో పూరీకి, 2025లో తిరువనంతపురానికి పోయింది. మనకి వేరే తేదీల్లో ప్రదర్శన పెట్టారు, జనం అప్పుడూ విరగబడి వచ్చారు, సంతోషమే. అసలు డిసెంబర్ 4ని నేవీ డే చేసింది కరాచీ మీద మన మిసైల్ బోట్లు నిపాత్, నిర్ఘాత్, వీర్ చేసిన దాడి కోసం. అది పడమటి తీరం గొప్ప. తూర్పు తీరం గొప్ప అంతకు కొన్ని గంటల ముందు నుంచి మొదలై అదే తేదీలోకి దాటింది. పండగ ఎక్కడ చేసుకున్నా అభ్యంతరం లేదు గానీ, ఆ రాత్రిలో మన వాటా ఏమిటో కనీసం మనకైనా తెలిసుండాలి.

ఆ వాటా గురించే పెద్ద పేచీ. పుస్తకాలన్నీ ఒప్పుకునే సంగతులు కొన్నున్నాయి. పీఎన్ఎస్ ఘాజీ అమెరికాలో డయాబ్లో పేరుతో పుట్టి, 1964లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరింది. 1971 నవంబర్ 14న, కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ చేతికింద, కరాచీ నుంచి బయల్దేరింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతకడం, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం దాని పని. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ అప్పటికే విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచేశారు. దాని వేషం రాజ్‌పుత్‌కి వేశారు. విశాఖకి దూరంగా సముద్రంలో తిరుగుతూ, విక్రాంత్ పంపినట్టుగా వైర్‌లెస్ సందేశాలు గుప్పించమన్నారు. ఓడలోని నావికుడెవరో తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు ఒక సొంత కబురు కూడా పంపించారు. ఇటు ఊళ్లోనేమో పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని కాంట్రాక్టర్లకి ఆర్డర్లిచ్చారు. ఊళ్లో వేగులున్నారని, బజారు కబురు కరాచీ దాకా పోతుందని ఆయన లెక్క. పూర్ణా మార్కెట్ గుసగుసలు కూడా ఆ యుద్ధంలో ఆయుధమయ్యాయంటే అతిశయోక్తి కాదు.

డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి సరిహద్దులోని మన స్థావరాల మీద దాడి చేశాయి. ఆ అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రాజ్‌పుత్‌ని రేవు నుంచి బయటికి తీశారు. దగ్గర్లో శత్రు జలాంతర్గామి ఉందనుకునే నడపమని కృష్ణన్ ముందే చెప్పి పంపారు. రేవు కాలవ దాటాక, ముందర అర మైలు దూరంలో నీళ్లు సుడి తిరగడం కాపలా నావికుడి కంటబడింది. సబ్‌మెరైన్ కిందికి దిగుతోందేమోనన్న అనుమానంతో ఇందర్ సింగ్ ఓడని అటే పరిగెత్తించి రెండు డెప్త్ చార్జ్‌లు వదిలించారు. తర్వాత తన దారిన తూర్పు బెంగాల్ వైపు సాగిపోయారు. కొద్ది నిమిషాలకి పెద్ద పేలుడు. వెళుతున్న రాజ్‌పుత్ కూడా అదిరింది, ఊళ్లో కిటికీ అద్దాలు గడగడలాడాయి. తెల్లారాక వేటకెళ్లిన జాలర్లకి నీళ్ల మీద చమురు తెట్టు, తేలుతున్న శకలాలు, లైఫ్ జాకెట్ దొరికాయి. అడుగున మునిగింది ఘాజీయేనని నేవీ గజ ఈతగాళ్లు దిగి తేల్చారు. లోకానికి ప్రకటించింది మాత్రం డిసెంబర్ 9న. అందులోని 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

పేచీ మూడు ముక్కలు. రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లే ముంచాయనేది మనవాళ్లు గట్టిగా చెప్పుకునే మాట. తాను పరిచిన మైన్ తానే తొక్కి పేలిపోయిందనేది పాకిస్తాన్ మాట. మూడోది అన్నిటికన్నా నన్ను కెలికేది. తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఆ యుద్ధం నడిపించిన జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ రాసింది. ఆయన లెక్కలో, జాలర్లకి శకలాలు దొరికాయని కృష్ణన్ ఫోన్ చేసింది డిసెంబర్ 3 ఉదయమే. అంటే ఘాజీ అంతకు ముందే, ఒకటో తేదీనో రెండో తేదీనో పేలిపోయింది. అదే నిజమైతే రాజ్‌పుత్ ఆ అర్ధరాత్రి వట్టి నీళ్ల మీద డెప్త్ చార్జ్‌లు వేసినట్టు. నౌకాదళం చెప్పిన కథంతా తర్వాత అల్లిందన్నమాట.

జాకబ్ గారి యుద్ధజ్ఞానం ముందు నేనెంత? కానీ ఆయన ఉన్నది కలకత్తాలో, రాసింది దశాబ్దాల తర్వాత, ఆధారం ఒక ఫోన్ కాల్. విశాఖలో ఉన్నది ఒక ఊరు. ఆ రాత్రి దేశమంతా రేడియో ముందు కూర్చుంది. దాడి వార్త వచ్చాక ప్రధాని ఇందిరాగాంధీ జాతినుద్దేశించి మాట్లాడతారని ప్రకటించారు, ఆమె గొంతు వినబడేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ ప్రసంగం కోసం మేలుకుని కూర్చున్న వేలమంది విశాఖ జనం పేలుడు విన్నారు. ఇది కృష్ణన్ కూడా నమోదు చేసిన సంగతి. మామూలు రాత్రి పేలుడైతే ఏ తేదీయో మర్చిపోవచ్చు. యుద్ధం ప్రకటించే ప్రసంగం విన్న రాత్రిని ఎవరు తప్పు చెబుతారు? పైగా ఇది 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డ ఊరు. 1971 నాటికి కోటవీధిలో, మహారాణిపేటలో ఆ చప్పుడెరిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఏది పిడుగో ఏది పేలుడో వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అద్దాలు అదిరింది రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌లకే ఎందుకు కాకూడదని ఒక మిత్రుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అవి వేసిన నిమిషాల తర్వాత, అప్పటికే దూరంగా పోతున్న ఓడని కుదిపిన పేలుడు వేరే ఉందని రాజ్‌పుత్ వాళ్లే చెప్పారు. ఇంకోటి. మూడో తేదీ ఉదయానికే ఘాజీ పోయిందని కృష్ణన్‌కి తెలిసుంటే, ఆ రాత్రి ఇందర్ సింగ్‌కి జలాంతర్గామి గురించి జాగ్రత్త చెప్పడం దేనికి? జాకబ్ వాదం ఈ రెండు చోట్లా ఆగిపోతుంది.

అలాగని మొదటి ముక్కనీ నేను నెత్తిన పెట్టుకోను. గజ ఈతగాళ్లు చూసింది ముందుభాగం లోపలి పేలుడుకి చీలిపోయిన ఓడని. నౌకాదళ చరిత్ర రాసిన వైస్ అడ్మిరల్ జి.ఎం. హీరానందానీ కూడా ఘనతంతా రాజ్‌పుత్ ఖాతాలో వేయలేదు. మైన్ తగిలిందా, ఛార్జింగ్ వేళ బ్యాటరీ వాయువు అంటుకుందా అన్న అవకాశాలనూ చర్చించారు. నా మట్టుకు నాకు తోచేది ఇది. రాజ్‌పుత్ రాకతో ఘాజీ కంగారుగా కిందికి దిగింది, దిగినచోట తన మైనో, తన కడుపులో ఉన్నదో పేలింది. ఇది నిరూపించడానికి కాగితాలు మిగల్లేదు. ఘాజీ మునక మీద నౌకాదళం దస్త్రాలు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. ఓడ ఇనుముగా పోయింది, దస్త్రం బూడిదగా పోయింది. మిగిలింది మనుషులు.

పేచీ సంగతి పక్కనపెట్టి నేను అసలు చెప్పదలచుకున్నది వాళ్ల గురించే. "మనం కొట్టాం" అని ఒక్క మాటలో ముగిస్తే, కొట్టిన రెండు డెప్త్ చార్జ్‌లు తప్ప మిగతా పనంతా మరుగున పడుతుంది. ఘాజీని విశాఖ దాకా లాక్కొచ్చింది ఎర. ఎరగా ఉండటమంటే, శత్రువు నిన్ను వెతుక్కుంటూ రావాలని కోరుకుంటూ, ఇంజన్లు సరిగ్గా లేని ఓడలో రాత్రులు గడపడం. ఇందర్ సింగ్‌కి వీర చక్ర వచ్చింది, న్యాయం. ఆయన కింద బాయిలర్ల దగ్గర చెమటోడ్చినవాళ్లు, వైర్‌లెస్ గదిలో విక్రాంత్ గొంతు అనుకరించినవాళ్లు, చీకట్లో నీటి సుడి కనిపెట్టిన ఆ కాపలా నావికుడు, అంతా రాజ్‌పుత్ సిబ్బంది అన్న రెండు మాటల్లో ఇమిడిపోయారు. గజ ఈతగాళ్లదీ అదే కథ. పేలని టార్పీడోలు, మైన్లు ఇంకేమున్నాయో తెలియని శవాల ఓడ దగ్గరికి దిగడం చిన్న ధైర్యమా? వాళ్ల పనికి తోడున్న నిస్తార్ ఓడ పేరైతే బతికింది. 2025 జులై 18న అదే పేరుతో కొత్త డైవింగ్ ఓడ మన రేవులోనే నౌకాదళంలో చేరింది, కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డ్. ఓడ పేరు తిరిగి పెట్టినంత శ్రద్ధ, నీళ్లలోకి దిగిన మనుషుల మీదా పెట్టొచ్చు కదా.

ఇక జాలర్లు. ఘాజీ కథ ఏది తిరగేసినా "స్థానిక మత్స్యకారులు" అని ఒక ముక్క ఉంటుంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ వాళ్ల పేర్లు లేవు, పేట పేరు కూడా లేదు. యుద్ధం మొదలైన మర్నాడు, సముద్రంలో ఏముందో తెలియని ఉదయం, తెప్ప వేసుకుని వెళ్లి దొరికింది దొరికినట్టు అప్పజెప్పినవాళ్లు వాళ్లు. జాకబ్ కథలోనూ, నౌకాదళం కథలోనూ అందరూ చూపించే సాక్షులు వాళ్లే. తేదీ మీద పోట్లాడుకున్న పెద్దలెవరూ ఆ సాక్షుల ఇంటికెళ్లి అడిగినట్టు లేదు. పెద జాలరిపేట ఏమైనా కలకత్తా అంత దూరమా?

మనూళ్లో మాజీ సైనికులకి కొదవలేదు. మర్రిపాలెం, మల్కాపురం, గోపాలపట్నం వైపు వీధికొకరు తగులుతారు. నేవీ పింఛను తీసుకుని డాక్‌యార్డ్‌లోనో పోర్టులోనో రెండో ఉద్యోగం చేసి, కాలనీ సంఘం లెక్కలు రాసి, పిల్లలకి నేవీ పరీక్షలకి పాఠం చెప్పి, ఈ ఊరివాళ్లై పోయారు. వాళ్లలో పంజాబీలున్నారు, మలయాళీలున్నారు, ఇప్పుడు వాళ్ల మనవలు మనకంటే బాగా ఉత్తరాంధ్ర యాస మాట్లాడతారు. డిసెంబర్ 7న జెండా దినం, జనవరి 14న వెటరన్స్ డే వస్తాయి. శాలువా కప్పుతాం, మెమెంటో ఇస్తాం, ఫోటో తీయించుకుంటాం. మైకు మాత్రం వాళ్ల చేతికివ్వం. అది ముఖ్య అతిథి దగ్గరే ఉంటుంది. గౌరవించడమంటే ఆ మైకు ఇవ్వడం, చెప్పింది రాసుకోవడం అని నా పట్టుదల. 1971లో ఇరవై ఏళ్లున్న నావికుడికి ఇప్పుడు డెబ్భై దాటాయి.

1996లో బీచ్ రోడ్డు మీద తూర్పు నౌకాదళం విజయ స్మారకం కట్టింది. దాని ఎదుట ఏటా పూలదండలు పడతాయి, పడాలి కూడా. దాని పక్కన తెలుగులో ఒక పలక పెట్టమని నగరపాలక సంస్థకీ, నౌకాదళానికీ, మన కాలనీ సంఘాలకీ నేను అడిగేది. అందులో నాలుగు సంగతులు చాలు: విక్రాంత్ వేషం వేసిన పాత రాజ్‌పుత్ సిబ్బంది, నీళ్లడుగుకి దిగిన గజ ఈతగాళ్లు, శకలాలు తెచ్చిన జాలర్లు, రేడియో ముందు కూర్చుని పేలుడు విన్న ఊరు. ఎవరు ముంచారన్న వాక్యం అందులో అక్కర్లేదు. అది తేలలేదని రాస్తే నావికుల పరువేమీ పోదు, తేలిందని అబద్ధం రాస్తేనే పోతుంది. పలక చెక్కేలోపు చేయాల్సిన పని ఇంకొకటుంది. డిగ్రీ చదివే పిల్లలెవరైనా ఫోన్లో రికార్డర్ పెట్టుకుని ముందు జాలరిపేటకి, తర్వాత మర్రిపాలెం వెళ్లాలి. ఆ రాత్రి మీరెక్కడున్నారు, రేడియోలో ఆవిడ మాట్లాడకముందు పేలిందా, తర్వాత పేలిందా అని అడగాలి. జాకబ్‌కి జవాబు అక్కడ దొరుకుతుంది.