మన కాలేజీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని తెప్పించుకోవడం ఎలా?

గూడూరు నుంచి రోజూ బందరు బస్సెక్కి పీజీ చదవడానికి వెళ్ళే ఒక దళిత అమ్మాయి ఉందనుకోండి. చరిత్ర చదువుతోంది. ఆది ఆంధ్ర ఉద్యమం మీద ప్రాజెక్టు రాయాలి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ పెట్టి, ‘పంచములు’ అన్న పేరు మాకొద్దు, మేం ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని చాటిన చరిత్ర అది. అంటే ఆమె ముత్తాతల కాలం నాటి సంగతి. దాని మీద ముందుగా చూడాల్సిన పుస్తకాల్లో యాగాటి చిన్నారావు ఇంగ్లీషులో రాసిన ‘దళిత్స్ స్ట్రగుల్ ఫర్ ఐడెంటిటీ’ ఒకటి. 1900 నుంచి 1950 దాకా ఆంధ్ర, హైదరాబాదు ప్రాంతాల్లో దళితుల పోరాటాల మీద పరిశోధన. 2003లో ఢిల్లీ నుంచి కనిష్క పబ్లిషర్స్ వేసింది. కాలేజీ లైబ్రరీ కౌంటర్ దగ్గర అడిగితే ‘లేదమ్మా’ అన్నారు.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. గైడు కొనుక్కుని, ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు పేరాలు అతికించి ప్రాజెక్టు ఇచ్చేస్తారు. తప్పు వాళ్ళది కాదు. ‘ఇక్కడ లేదు’ అంటే ‘నీకు రాదు’ అని అర్థం కాదన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఒక కాలేజీ లైబ్రరీ తన దగ్గర లేని పుస్తకాన్ని ఇంకో లైబ్రరీ నుంచి అప్పు తెచ్చి తన విద్యార్థికి ఇవ్వడాన్ని ఇంటర్ లైబ్రరీ లోన్ అంటారు. ఇది కొత్తదేం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ జోసెఫ్ రోవెల్ 1886లోనే ఇలాంటి ఏర్పాటుకు అనుమతి అడిగాడు. మన దగ్గర కూడా దశాబ్దాలుగా ఉంది. అడిగేవాళ్ళే తక్కువ.

అప్పు ఎవరు ఎవరికి ఇస్తారు?

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ అప్పు మీకూ అవతలి లైబ్రరీకీ మధ్య జరిగేది కాదు. మీ కాలేజీ లైబ్రరీకీ, ఆ లైబ్రరీకీ మధ్య జరిగేది. పుస్తకం మీ కాలేజీ పేరు మీద వస్తుంది, దానికి జవాబుదారీ మీ లైబ్రేరియన్. మీరు నేరుగా యూనివర్సిటీ లైబ్రరీకి ఉత్తరం రాస్తే పుస్తకం రాదు. కాబట్టి మొదటి తలుపు, ఒక్కోసారి ఏకైక తలుపు, మీ కాలేజీలోని ఇష్యూ కౌంటరే. అసలు చిక్కూ అక్కడే.

నేను డిగ్రీ చదివిన చోట పుస్తకాలు గాజు తలుపుల బీరువాల్లో తాళం వేసి ఉండేవి. బయట నుంచి వేలితో చూపించి అడగాలి. మా పేట నుంచి వెళ్ళినవాళ్ళం పేరు సరిగ్గా పలకలేమేమోనన్న భయంతో దగ్గరగా ఉన్న పుస్తకమే చూపించేవాళ్ళం. కళ్ళెదుట ఉన్న పుస్తకం అడగడానికే గొంతు పెగలని పిల్లలు కనిపించని పుస్తకాన్ని ఎలా అడుగుతారు? అందుకే నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి అడగండి అని చెప్తాను. కాగితానికి జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

ఎక్కడుందో ముందు మీరే కనిపెట్టండి

‘ఫలానా పుస్తకం తెప్పించండి’ అనడం వేరు, ‘ఫలానా పుస్తకం ఫలానా లైబ్రరీలో ఉంది, తెప్పించండి’ అనడం వేరు. రెండోదాన్ని కాదనడం కష్టం.

దేశంలోని విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో ఏయే పుస్తకాలు, థీసిస్‌లు ఉన్నాయో కలిపి చూపే ఉమ్మడి జాబితా ‘ఇండ్‌క్యాట్’. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. ఫోన్‌లోనే చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రెండోది డెల్‌నెట్. 1988లో ఢిల్లీ లైబ్రరీలను కలపడానికి మొదలై, తర్వాత దేశమంతా పాకింది. దాని కార్యాలయం జేఎన్‌యూ ఆవరణలో ఉంది. సభ్యత్వం ఉన్న కాలేజీ అడిగితే, డెల్‌నెట్ మరో సభ్య లైబ్రరీ నుంచి పుస్తకాన్ని సమకూర్చి పంపుతుంది. ప్రపంచవ్యాప్త జాబితా కావాలంటే వరల్డ్‌క్యాట్ చూడండి.

వెతకడంలో ఒక కిటుకు ఉంది. తెలుగు పుస్తకాల పేర్లు ఈ జాబితాల్లో ఇంగ్లీషు లిపిలో ఉంటాయి, అదీ మనం వాట్సాప్‌లో రాసుకునే తీరులో కాదు. పెద్ద లైబ్రరీల పద్ధతిలో ‘చ’ అక్షరానికి ఒట్టి ‘సీ’ మాత్రమే రాస్తారు, పక్కన ‘హెచ్’ ఉండదు. 1995లో విజయవాడ నుంచి వచ్చిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ కోసం ‘సీ హెచ్ ఐ’ అని కొట్టి వెతికితే దొరకదు, ‘సీ ఐ’ అని మొదలుపెట్టాలి. రచయిత పేరుకూ ఇదే తంటా. ఇంటిపేరు ముందా వెనకా, పేరు ఒక మాటగానా రెండుగానా అని నాలుగు రకాలుగా కొట్టి చూడండి. లేదన్న పుస్తకాలు చాలావరకు ఇలా దాక్కున్నవే.

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది. అంతకు ముందు ఈ జిల్లా కాలేజీలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అది 1976 నాటిది. దానికీ ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం. దివిసీమ కూలీల మీదో, కృష్ణా జిల్లా దళిత క్రైస్తవుల మీదో పాతికేళ్ళ కిందట ఎవరైనా పరిశోధన చేసి ఉంటే ఆ థీసిస్ రుద్రవరంలో దొరకదు. నాగార్జున నగర్‌లోనో, విశాఖలోనో వెతకాలి.

అర్జీలో ఏం రాయాలి

రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఐఎస్‌బీఎన్ ఉంటే అది. ఏ లైబ్రరీ జాబితాలో కనిపించిందో, అక్కడి కాల్ నంబరుతో సహా. ఏ కోర్సు కోసం, ఎప్పటిలోగా కావాలి. కింద మీ పేరు, రోల్ నంబరు, ప్రాజెక్టు చూసే లెక్చరర్ సంతకం. ఈ సంతకం తప్పనిసరి అని ఎక్కడా లేకపోయినా తీసుకోండి, పని సులువవుతుంది. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీ వేయించుకోండి.

పుస్తకం రావడానికి వారం పట్టొచ్చు, నెలా పట్టొచ్చు. పరీక్షల ముందు రోజు అడిగే పని కాదిది. వచ్చాక కూడా ఇంటికి ఇవ్వకపోవచ్చు. లైబ్రరీలోనే కూర్చుని చదవాలన్న షరతుతో ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. సాయంత్రం బస్సు పట్టుకోవాల్సిన పిల్లకి ఇది నిజమైన ఇబ్బంది. ఒక అధ్యాయమే కావాలంటే అది చెప్పి జెరాక్సో, స్కానో అడగడం మేలు. సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జెరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసును 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కూడా. ‘జెరాక్స్ నేరం’ అని ఎవరైనా బెదిరిస్తే ఈ మాట చెప్పండి. అలాగని పుస్తకం మొత్తం జెరాక్స్ తీసి అమ్ముకోమని కాదు.

పాత పత్రికలు, థీసిస్‌లు, అరుదైన పుస్తకాలు అప్పు ఇవ్వరు. 1968 ఫిబ్రవరిలో కంచికచర్లలో కోటేశును సజీవ దహనం చేశారు. అప్పట్లో అది కృష్ణా జిల్లానే. ఆ రోజుల్లో పత్రికలు ఏం రాశాయో చూడాలంటే బైండు చేసిన సంపుటాలున్న చోటికి మీరే వెళ్ళాలి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు పత్రికలకు పేరున్న చోట్లు. వెళ్ళేముందు కాలేజీ నుంచి పరిచయ పత్రం తీసుకోండి. అది ఇవ్వడం కూడా లైబ్రేరియన్ పనే. థీసిస్‌ల కోసం ముందు ‘శోధ్‌గంగ’ చూడండి. 2009 యూజీసీ నిబంధనల తర్వాత పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో పెట్టడం మొదలైంది. అంబేడ్కర్ రచనల ఇంగ్లీషు సంపుటాలు, మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేస్తూ వచ్చినవి, నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి కోసం అర్జీ వృథా చేసుకోవద్దు.

‘మన కాలేజీకి సభ్యత్వం లేదు’ అంటే?

ఎక్కువగా వినపడే జవాబు ఇదే. ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు. తేల్చుకోవడానికి దారుంది. న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు సమర్పించే స్వీయ అధ్యయన నివేదికను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో నాలుగో అంశం కింద లైబ్రరీ గురించి, ఏ ఈ-వనరులకు చందా కడుతున్నారో రాస్తారు. అక్కడ ఎన్-లిస్ట్ అనో, డెల్‌నెట్ అనో కనిపిస్తే ఆ పేజీ ప్రింటు తీసుకుని వెళ్ళి, నాకు యూజర్ ఐడీ ఇవ్వండి అని అడగండి. గ్రేడు కోసం కట్టిన చందా చదువుకునే పిల్లల దాకా రాకపోవడం అరుదేమీ కాదు.

ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద అడగొచ్చు. గత మూడేళ్ళలో ఏ నెట్‌వర్క్‌కు ఎంత కట్టారు, ఎంతమంది విద్యార్థులకు ఐడీలు ఇచ్చారు, ఇతర లైబ్రరీల నుంచి ఎన్ని పుస్తకాలు తెప్పించారు. ఫీజు పది రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు ‘సున్నా’ అయితే అది కూడా ప్రిన్సిపాల్ ముందు పెట్టదగ్గ కాగితమే.

ప్రైవేటు కాలేజీల పిల్లల పరిస్థితి ఇంకా ఇరుకు. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించి 2025 జనవరిలో మొదలుపెట్టిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మూడేళ్ళకు 6,000 కోట్లతో దాదాపు 13,000 పరిశోధనా పత్రికలను అందిస్తోంది. పేరులో ‘వన్ నేషన్’ ఉంది గానీ మొదటి దశలో అందేది ప్రభుత్వ సంస్థలకే. ఊళ్ళో ప్రభుత్వ కాలేజీ లేక, ఉన్నదాంట్లో సీటు రాక ప్రైవేటులో చేరిన పిల్ల ఆ నేషన్ బయట ఉంది. అలాంటివాళ్ళు దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీలో చదివే స్నేహితుల సాయం తీసుకుంటున్నారు. నాకు అందులో తప్పేం కనిపించదు.

పక్కనే పౌర గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. పేటలో రెండు గదుల ఇంటికి కట్టే పన్నులోనూ అది ఉంది. అక్కడ ఏ పుస్తకాలు కొనాలో చెప్పే హక్కు ఆ ఇంటివాళ్ళకీ ఉంది. దళిత రచనల జాబితా రాసి ఇవ్వండి. బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది 1914లో. ఆది ఆంధ్రుల సభ మూడేళ్ళకు అదే ఊళ్ళో జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం డెల్టా కాలవల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పుస్తకం మనిషి దగ్గరికి రావాలన్న ఆలోచన ఈ నీళ్ళ మీద పుట్టిందే, ఢిల్లీ నుంచి దిగింది కాదు.

చెప్పకుండా ఉండలేని వింత ఒకటుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి, భారతీయ భాషల పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టింది. షికాగో, విస్కాన్సిన్ లాంటి చోట్ల తెలుగు పుస్తకాలు అలా చేరాయి. అక్కడ చదివే తెలుగు విద్యార్థి తన యూనివర్సిటీలో లేని తెలుగు పుస్తకాన్ని మరో రాష్ట్రం నుంచి ఒక్క మీట నొక్కి తెప్పించుకుంటాడు. చిన్న ప్రెస్సుల్లో కొన్ని వందల కాపీలు అచ్చయి, మళ్ళీ ముద్రణకు రాని దళిత సాహిత్యాన్ని అది పుట్టిన జిల్లాలో చదవడం కంటే అక్కడ చదవడం తేలిక.

ఖర్చు, చిరునామా, తిరిగి ఇవ్వడం

రానూపోనూ తపాలా ఖర్చు సాధారణంగా అడిగిన లైబ్రరీ పెట్టుకుంటుంది. దాన్ని విద్యార్థి దగ్గర తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. ‘లైబ్రరీ ఫీజు కడుతున్నాం కదా, అందులోంచి ఇవ్వండి’ అని అడగడానికి మొహమాటపడొద్దు. తపాలా శాఖ 2025 మేలో పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చింది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. కొరియర్ కంటే నయం, కాకపోతే నెమ్మది.

పుస్తకం కాలేజీ చిరునామాకే వస్తుంది. గూడూరు మండలంలోనే ఉన్న సంస్థ తెప్పించుకుంటే మాత్రం ‘కృష్ణా జిల్లా’ అని, పిన్ కోడ్‌తో సహా కొట్టొచ్చినట్టు రాయించండి. నెల్లూరు దగ్గర ఒక గూడూరు, కర్నూలు జిల్లాలో ఒకటి, మహబూబాబాద్ జిల్లాలో ఇంకొకటి ఉన్నాయి. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరే అందరికీ తెలుసు, పార్సిలు కూడా అటే పోతుంది.

చేతికి రాగానే పేజీలు తిరగేసి చూసుకోండి. చిరుగు, గీతలు, ఊడిన పేజీలు ఉంటే అప్పుడే లైబ్రేరియన్‌తో రిజిస్టర్‌లో రాయించాలి. లేకపోతే ఆ చిరుగు మీ ఖాతాలో పడుతుంది. గడువు తేదీ అవతలి లైబ్రరీది, పొడిగించాలన్నా వాళ్ళే ఒప్పుకోవాలి, కాబట్టి రెండు మూడు రోజుల ముందే ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు సంతకం, తేదీ ఉన్న రసీదు తీసుకుని సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకోండి. కోర్సు అయ్యాక నో డ్యూస్ కోసం వెళ్ళినప్పుడు, ఎప్పుడో తిరిగిచ్చిన పుస్తకం మీ పేరు మీదే ఉందని చెప్పి టీసీ ఆపితే చూపించాల్సింది ఆ చీటీనే.