దాచిన విద్య, పంచిన విద్య



ధనము పంచినకొలది తరుగును, విద్య పంచినకొలది పెరుగును అని మనమందరము వినియున్నాము. ఐనను విద్వాంసులెల్లరును దీనిని పాటించిరని చెప్పజాలము.

పూర్వము మిథిలయందు న్యాయశాస్త్రము మిక్కిలి వర్ధిల్లినది. గంగేశోపాధ్యాయుని తత్త్వచింతామణి అచ్చటి పండితులకు పెన్నిధి. పరదేశపు విద్యార్థులు దానిని చదువవచ్చునే గాని, ప్రతి వ్రాసికొని పోరాదట. వంగదేశీయుడగు వాసుదేవ సార్వభౌముడు దానిని కంఠస్థము చేసికొనిపోయి నవద్వీపమున పాఠము చెప్పెనని ఐతిహ్యము. అటుపిమ్మట రఘునాథ శిరోమణి వలన ఆ శాస్త్రమునకు నవద్వీపమే ప్రధానపీఠమయ్యెను. దాచినవారి యింట విద్య నిలువలేదు.

ఆ వంగదేశముననే, మనకు సమీపకాలమున, దీనికి విపరీతమైన కథ నడచినది. 1916లో సత్యేంద్రనాథ బోసు, మేఘనాద సాహా అను యువకులు కలకత్తా విశ్వవిద్యాలయమున ఉపన్యాసకులైరి. నూతన భౌతికశాస్త్రము చాలవరకు జర్మనుభాషలో నుండెను. యుద్ధకాలమగుటచే ఆ గ్రంథములు దొరకుట దుర్లభము. శిబ్‌పూరు ఇంజనీరింగు కళాశాలలో పనిచేసిన బ్రూల్ దొరయొద్ద అట్టివి కొన్ని కలవు. ఆయన వానిని బీరువాలో బంధింపక వీరికి చదువుకొన నిచ్చెను. వీరును తాము నేర్చినదానిని దాచుకొనలేదు. ఐన్‌స్టీను సాపేక్షసిద్ధాంత వ్యాసములను ఆంగ్లమున అనువదింపగా, 1920లో ఆ విశ్వవిద్యాలయమే వానిని ప్రకటించెను.

1924లో బోసు డక్కా విశ్వవిద్యాలయమున రీడరు. ప్లాంకు నియమమును నూతనమార్గమున సాధించి, తన వ్యాసమును ఐన్‌స్టీనునకు పంపెను. ఆయన అప్పటికే నోబెలు బహుమానము నందిన జగత్ప్రసిద్ధుడు. బోసు పేరెన్నిక లేని యధ్యాపకుడు. ఐనను ఐన్‌స్టీను ఆ వ్యాసమును స్వయముగా జర్మనుభాషలోనికి మార్చి, బోసు పేరనే అచ్చు వేయించెను. పిదప దానిని తానును విస్తరించెను. ఆ గణనపద్ధతి నేటికిని ఇరువురి పేరనే వ్యవహరింపబడుచున్నది. ఇచ్చినవారిలో ఎవ్వరి కీర్తియు తరుగలేదు.

తోడివాడు తన్ను మించునేమో యను భయమే విద్యను దాచించును. ఈ భయము కళాశాలలయందే గాదు, మన గ్రామములయందును కలదు. మూలికల మర్మము కుమారునకైనను చెప్పక గతించిన వైద్యులెందరు! వారితోడనే ఆ వైద్యమును గతించినది. కావున పిల్లలను పై చదువులకు పంపునపుడు భవనముల యెత్తును మాత్రమే చూడకుడు. అచ్చటి యాచార్యులు ఒకరి పుస్తకము నొకరికి ఇచ్చికొందురా యని విచారింపుడు. మీ కడనున్న విద్యనుగూడ ఒక్కనికైన నేర్పిపొండు.

స్వస్తి.