పశువుల్లో అంటు ఊపిరితిత్తుల వ్యాధి.. లేదని ఏమరరాదు

సఖినేటిపల్లి: పాకలో ఆవు దగ్గితే చలిగాలి తగిలిందని సరిపెట్టుకోవడం, తగ్గకపోతే చిక్కిపోకముందే సంతకు తోలివేయడం కొందరు పాడి రైతులకు అలవాటు. ఊపిరితిత్తులకు సోకే అంటువ్యాధులు మంద నుంచి మందకు పాకేది ఇటువంటి అమ్మకాల వల్లనే. వీటిలో అత్యంత ప్రమాదకరమైనది 'అంటు ప్లూరోన్యుమోనియా'. ప్రస్తుతం మన దేశంలో ఈ వ్యాధి లేదు. అయినా దీనిపై నిఘా ఎందుకు అవసరమో, దానిని ఎలా గుర్తించాలో ప్రతి రైతూ తెలుసుకోవాలి.

దేశం నుంచి పోయిందిలా..

మైకోప్లాస్మా అనే అతిసూక్ష్మ జీవి వల్ల వచ్చే ఈ వ్యాధి ప్రధానంగా ఆవులు, ఎద్దులకు, కొంతమేరకు గేదెలకు సోకుతుంది. మనుషులకు సోకదు. మన దేశంలో చివరి దశలో అస్సాం ప్రాంతానికి పరిమితమై, క్రమంగా కనుమరుగైంది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ భారత్‌ను 2006లో ముసర వ్యాధి నుంచి, 2007లో ఈ వ్యాధి నుంచి విముక్త దేశంగా గుర్తించింది. ఇందుకోసం జాతీయ పథకం కింద మూడు విధాల గాలింపు సాగింది. ఊరూరా తిరిగి పశువులను చూడటం, పశువులను తోలే దారుల్లో పరీక్షించడం, పశువైద్యశాలలకు వచ్చిన కేసులను ఆరా తీయడం ఆ పద్ధతులు.

వ్యాధి తిరిగి ప్రవేశిస్తే జరిగే నష్టానికి ఆఫ్రికాలోని బోట్స్‌వానాయే ఉదాహరణ. అక్కడ 1995లో ఈ వ్యాధి మళ్లీ తలెత్తగా, దానిని అరికట్టేందుకు ఒక ప్రాంతంలోని సుమారు 3,20,000 పశువులను వధించవలసి వచ్చింది. మన దేశంలో అంతకుముందెన్నడూ లేని లంపీ స్కిన్ వ్యాధి 2019లో పొరుగునున్న ఒడిశాలో బయటపడి, ఆ తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించిన సంగతి తెలిసిందే.

లక్షణాలు ఇవీ..

* 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, మేత మానడం, నెమరు ఆగడం, పాలు తగ్గడం.
* మొదట పొడిదగ్గు. లేచినప్పుడు, నడిపించినప్పుడు అది ఎక్కువవుతుంది.
* మెడ ముందుకు చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి నిలబడటం, మూలుగుతూ శ్వాస తీయడం.
* దూడల్లో దగ్గుకు బదులు కీళ్ల వాపు కనిపించవచ్చు.

వ్యాధి సోకిన తరువాత లక్షణాలు బయటపడటానికి కొన్ని వారాల నుంచి నెలల వరకు పడుతుంది. కోలుకున్నట్లు కనిపించే పశువుల ఊపిరితిత్తుల్లో చెడిన భాగం చుట్టూ దళసరి పొర ఏర్పడి, అందులో క్రిమి దాగి ఉండవచ్చు. సొంతంగా వేయించే యాంటీబయాటిక్ సూదులు జ్వరాన్ని తగ్గించినా, క్రిమిని పూర్తిగా తొలగించకపోవచ్చు. అందుకే దగ్గు తగ్గిందని అమ్మిన పశువు కొన్నవారి మందకు ముప్పు తేగలదు.

ప్రతి దగ్గూ అదే కాదు

వర్షాకాలంలో తరచుగా వచ్చే గొంతువాపు వ్యాధి గంటల్లోనే ముదిరి, ఒకటి నుంచి మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. గేదెలకు దీని బెడద ఎక్కువ. గొట్టంతో తాగించిన మందు పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా న్యుమోనియా వస్తుంది. నెలల తరబడి దగ్గుతూ చిక్కిపోతే క్షయగా అనుమానించాలి. మెడ చర్మంలోకి సూది మందు ఎక్కించి 72 గంటల తరువాత వాపును కొలిచి దీనిని గుర్తిస్తారు. క్షయ పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకుతుంది కనుక పాలను మరిగించే తాగాలి.

అంటు ప్లూరోన్యుమోనియాను కంటిచూపుతో నిర్ధారించడం సాధ్యం కాదు. రక్తరసి, ఊపిరితిత్తుల నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించాలి. చనిపోయిన పశువుకు శవపరీక్ష చేస్తే ఛాతీలో గడ్డిరంగు ద్రవం, తరచుగా ఒకవైపు ఊపిరితిత్తిపై పాలరాతి చారల వంటి మచ్చలు కనిపిస్తాయి. కనుక దగ్గుతో చనిపోయిన పశువును వైద్యునికి చూపకుండా పూడ్చరాదు.

రైతు చేయవలసింది..

ఈ క్రిమి దగ్గరగా ఉన్న పశువుల శ్వాస ద్వారా పాకుతుంది. వరదల వేళ లంకల నుంచి పశువులను ఏటిగట్టుపైకి తోలి ఒక్కచోట కట్టివేసే మన ప్రాంతంలో ఈ విషయం గుర్తుంచుకోవాలి. దగ్గే పశువును గుంపుకు దూరంగా కట్టాలి. గోదావరి అవతల నుంచి గానీ, సంత నుంచి గానీ కొత్తగా తెచ్చిన పశువును కనీసం 30 రోజులు వేరుగా ఉంచి, తరువాత కూడా కొన్ని నెలలు గమనించాలి. కొన్న తేదీ, ఎక్కడి నుంచి తెచ్చిందీ రాసిపెట్టుకుంటే వ్యాధి మూలాన్ని కనిపెట్టడం సులువవుతుంది.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో ఈ వ్యాధి, క్షయ, గొంతువాపు మూడూ ఉన్నాయి. అనుమానం కలిగితే గ్రామాధికారికి లేదా పంచాయతీకి తెలియజేయడం, ఆ పశువును వేరుచేయడం యజమాని విధి. రైతు సమీప పశువైద్యశాలనూ సంప్రదించాలి. మందలో రెండు మూడు పశువులు ఒకేసారి దగ్గుతుంటే ఒక్కరోజు కూడా ఆలస్యం తగదు. ప్రయోగశాల పరీక్ష తరువాతి మాట, తొలి కబురు అందవలసింది పాక నుంచే.